పౌరధర్మ గురువు కందుకూరి వీరేశలింగము పంతులుగారు

తెలుగు చదువుకొనిన వారిలో కందుకూరి వీరేశలింగము పంతులుగారి పేరెరుగని వారుండరు. హైదరాబాదున హుస్సేనుసాగరము గట్టుమీద వారి విగ్రహము కలదు. రాజమహేంద్రవరమున వారు కాపురముండిన యిల్లు నేటికిని కలదు. వితంతు వివాహములు చేయించిన సంస్కర్త యనియు, గద్యతిక్కన యనియు, రాజశేఖర చరిత్రము వ్రాసిన గ్రంథకర్త యనియు వారిని మనము కొనియాడుచుందుము. ఇవి యన్నియు నిజములే. మేము మాత్రమీ వ్యాసమున వారి జీవితమును వేరొక తావునుండి చూడ దలచితిమి. ఒక యూరి జనులు తమ యూరి మంచిచెడ్డలను తామే విచారించుకొనుట, నలుగురును కూడి పని పంచుకొనుట, కష్టము వచ్చినప్పుడు చెదరిపోక నిలుచుట, ఇవి పుట్టుకతో వచ్చు గుణములు కావు. చదువవలెను, వ్రాయవలెను అన్నట్లే వీనిని గూడ నేర్వవలెను. ఈ విద్యను గోదావరీ తీరమున ఏండ్లతరబడి పట్టుదలతో నేర్పిన గురువు పంతులుగారు. ఇతరులకు నేర్పుటకు ముందు ప్రతి పాఠమును వారే నేర్చుకొనిరి. దాని వెలను గూడ వారే ముందు చెల్లించిరి.

ఒక్క యుదాహరణము చాలును. హిందూ వితంతువుల పునర్వివాహము చెల్లునని శాసించు చట్టము 1856లో వచ్చినది. వంగదేశమున ఈశ్వరచంద్ర విద్యాసాగరుల వారు చేసిన కృషికి అది ఫలము. రాజమహేంద్రవరమున పంతులుగారు అట్టి వివాహమును మొదట జరిపించినది 1881 డిసెంబరు 11వ తేదీన. నడుమ 25 సంవత్సరములు గడచినవి. ఆ పాతికేండ్లును చట్టము పుస్తకమునందుండెను, బాలవితంతువు వంటయింటి మూలనుండెను. ఆ చట్టమును ఆమె గుమ్మము కడకు తెచ్చుటకు మనుష్యులు కావలసి వచ్చిరి. అట్టి మనుష్యులు ఎట్లు తయారైరో యీ చరిత్రమున చూతము.

బాల్యము

పంతులుగారు 1848 ఏప్రిలు 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. తండ్రి సుబ్బారాయుడుగారు, తల్లి పున్నమ్మగారు. ఆ దినములలో ఊరికి కొన్ని మైళ్ల దిగువను ధవళేశ్వరము కడ కాటను దొరగారు గోదావరికి ఆనకట్ట కట్టించుచుండిరి. 1847లో మొదలైన యా పని 1852లో ముగిసినది. పంతులుగారు పెరిగి పెద్దవారగుచుండగా డెల్టా పొలములకు కాలువలు సాగినవి, వరి చేలు విస్తరించినవి. బడులు, కచేరీలు, క్రొత్త యుద్యోగములు వచ్చినవి. వాని వెంటనే వ్యాజ్యములును లంచములును వచ్చినవి. నేల మారుచుండెను గాని యింటిలోని యాచారములు ఎప్పటి యట్లే యుండెను. ఈ రెంటి నడుమ పంతులుగారి బాల్యము గడచెను.

నాలుగేండ్ల వయస్సున వారికి తండ్రి పోయిరి. పెదతండ్రి వేంకటరత్నముగారు పెంచిరి. దేహము బలహీనము, దగ్గు, ఉబ్బసము చిన్ననాటనుండి బాధించుచుండెను. వీథిబడిలో శతకములు, అమరము, బాలరామాయణము వల్లించి, పండ్రెండవ యేట రాజమహేంద్రవరపు జిల్లా పాఠశాలలో ఇంగ్లీషు చదువునకు చేరిరి. పదుమూడవ యేట వారికి వివాహమాయెను. వధువు బాపమ్మగారు ఇంచుమించు ఎనిమిదేండ్ల బాలిక. ఈమెయే తరువాత రాజ్యలక్ష్మమ్మగారను పేర ప్రసిద్ధురాలైనది. బాల్యవివాహములను ఖండించుచు పిమ్మట ఎన్ని యుపన్యాసము లిచ్చినను, ఆ యాచారమేమో పంతులుగారు పుస్తకములవలన తెలిసికొనినది కాదు, తమ పెండ్లిపీటలమీదనే తెలిసికొనినది.

చదువుకొను దినములలో కేశవచంద్రసేనుల వారి గ్రంథములు చదివి, నమ్మిక యన్నది విచారించి కుదుర్చుకొనవలసినదని వారు గ్రహించిరి. దయ్యములు, భూతములు ఉన్నవని అందరును చెప్పుచుండగా, నిజము తెలిసికొనుటకు నడిరేయి శ్మశానమునకు పోయి చూచి వచ్చిరి. ఇది చిన్న సంగతి వలె కనబడును. కాని పది మంది చెప్పిన మాటను తాను పరీక్షించి చూచుట, చూచినదానిని భయపడక చెప్పుట, ఈ రెండు పనులును తరువాత వారి జీవితమంతటను మనకు కనబడుచునే యుండును.

ఉద్యోగము నెంచుకొనుట

1867 ప్రాంతమున వారు ప్రభుత్వోద్యోగమునకు ప్రయత్నించిరి. లంచమియ్యనిదే కొలువు దొరకదని తెలియగానే ఆ ప్రయత్నము మానుకొనిరి. న్యాయవాద పరీక్షకు పోవుదమని తలచి, ఆ వృత్తిలోను అసత్యము తప్పదని యెంచి దానిని గూడ విడిచిపెట్టిరి. 1869లో మెట్రిక్యులేషను పరీక్షయందు కృతార్థులై, జీతము తక్కువయైనను ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించిరి. బీదయింటి యువకునికి ఇది తేలిక నిర్ణయము కాదు. ఇంటివారు కచేరీ యుద్యోగమునకే ఆశపడు కాలమది. ఊరి నడవడి చెడినదని అరుగుమీద కూర్చుండి విచారించు వారందరును ఆ నడవడిలోనే భాగస్థులగుట మనమెల్లప్పుడును చూచుచుందుము. పంతులుగారు మొదటి మెట్టుకడనే తమ చేయి వెనుకకు తీసికొనిరి.

కోరంగిలో రెండేండ్లు ప్రధానోపాధ్యాయులుగ నుండి, 1874లో ధవళేశ్వరపు పాఠశాలకు వచ్చిరి. ఆ సంవత్సరమే అచ్చట బాలికలకు ప్రత్యేకముగా పాఠశాల నొకదానిని నెలకొల్పిరి. ఆడపిల్లకు చదువేల యని పెద్దలు అడుగుచుండిన కాలమది. పండితులైన కొక్కొండ వేంకటరత్నము పంతులుగారు స్త్రీవిద్యను గూర్చి తమ యాంధ్రభాషాసంజీవనిలో ప్రతికూలముగా వ్రాయగా, వీరేశలింగము పంతులుగారు బదులు వ్రాసిరి. ఈ వాదములు ఊరూర చదువరులలో చర్చకు వచ్చినవి. కాని వాదములో గెలిచిన మాత్రమున పిల్లలు బడికి రారు. బడి పెట్టవలెను, తల్లిదండ్రులను ఒప్పింపవలెను, చదువుటకు తగిన పుస్తకములు వ్రాయవలెను. ఈ మూడు పనులును పంతులుగారు పైని వేసికొనిరి. పిమ్మట రాజమహేంద్రవరమునను బాలికా పాఠశాలను స్థాపించిరి. 1883లో స్త్రీలకొరకు సతీహితబోధిని యను పత్రికను ప్రారంభించిరి. శరీరశాస్త్రము, జ్యోతిశ్శాస్త్రము, తర్కశాస్త్రము మొదలగు విషయములను తెలుగు చదువరికి తెలియునట్లు చిన్న పుస్తకములుగా వ్రాసిరి.

ఇచ్చట వారి భాషను గూర్చి యొక మాట చెప్పవలెను. యౌవనమున వారు శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధము వ్రాసిరి. పెదవులు తాకని యక్షరములతో, సంస్కృత పదము కలియకుండ, వచనము లేకుండ కావ్యము నడపుట గొప్ప సాము. పండితులు మెచ్చుకొనిరి. కాని ఆ కావ్యము చదివి యర్థము చేసికొనగలవారు ఊరికి ఎందరుందురు? తమ పాండిత్యము పదిమందికి పనికి రావలెనన్న తమ భాషను మార్చుకొనవలెనని పంతులుగారు తెలిసికొని, సులభమైన వచనమునకు దిగి వచ్చిరి. అది వారు తమకు తాము చెప్పుకొనిన కఠినమైన పాఠము. నేర్చినదానిని విడుచుట, క్రొత్తది నేర్చుటకంటె కష్టము.

వివేకవర్ధని

1874 అక్టోబరులో వివేకవర్ధని యను మాసపత్రికను ప్రారంభించిరి. మొదట చెన్నపట్టణమున అచ్చు వేయించెడివారు. తరువాత రాజమహేంద్రవరముననే ముద్రాక్షరశాలను నెలకొల్పి అందు అచ్చు వేయించిరి. ఈ పత్రిక పంతులుగారికి రెండవ పాఠశాల యాయెను. బడిలో పిల్లలు కూర్చుండిరి. పత్రిక ముందు పిల్లల తండ్రులు కూర్చుండిరి.

ఆ పత్రికలో భోగముమేళములను గూర్చియు, కన్యాశుల్కమును గూర్చియు, మూఢవిశ్వాసములను గూర్చియు, ముఖ్యముగా కచేరీలలోని లంచములను గూర్చియు వ్రాసిరి. ఉద్యోగస్థుల యక్రమములు అందరికిని తెలిసియుండెను. వీథిలో చెప్పుకొనుటయు తెలియును. కాని సంగతిని విచారించి, ఆధారములు కూర్చుకొని, అచ్చులో పెట్టి, దానికి తాను బాధ్యుడనని నిలుచుట యెవరికిని తెలియదు. వారు వ్రాసిన వ్రాతలవలన కచేరీలలో విచారణలు జరిగినవి, కొందరి యుద్యోగములకు ముప్పు వచ్చినది. శత్రువులును పెరిగిరి. అయినను పత్రిక నడచెను. గుసగుసకును ఫిర్యాదునకును గల భేదమును వివేకవర్ధని తన చదువరులకు నేర్పినదని మేము తలంతుము. గుసగుసకు పేరుండదు, సాక్ష్యముండదు. ఫిర్యాదునకు రెండును ఉండవలెను.

హాస్యమును గూడ వారు సాధనముగా వాడుకొనిరి. హాస్యసంజీవనిలో వారి ప్రహసనములు వెలువడినవి. పండితుని ముందు నవ్వుటకు భయపడువాడు ప్రహసనములో తన యింటి సంగతియే చూచుకొని నవ్వెను. నవ్విన పిమ్మట ఆలోచించెను.

సమాజము

ఒంటరివాని మాట ఎంత గట్టిదైనను గాలికి పోవును. ఈ సంగతి గ్రహించి పంతులుగారు 1878లో మిత్రులతో కూడి సంఘసంస్కరణ సమాజమును స్థాపించిరి. బసవరాజు గవర్రాజుగారు మొదలగు యువకులు అందు ముఖ్యులు. పంతులుగారు అప్పటికి రాజమహేంద్రవరపు పాఠశాలలో తెలుగు పండితులు. వారి విద్యార్థులు బడి విడిచిన పిమ్మట సమాజమునకు వచ్చుచుండిరి. ఇంచుమించు ఆ కాలముననే దూరమున డెన్మార్కు దేశములో పల్లె రైతుల బిడ్డలకొరకు జానపద పాఠశాలలు నడచుచుండెను. గ్రుంట్విగ్ పండితుని బోధను అనుసరించి 1844లో మొదలైన యా పాఠశాలలయందు పరీక్షలకంటె కూడి మాటలాడుటకును, దేశపు సంగతి తెలిసికొనుటకును ఎక్కువ చోటుండెను. ఆ దేశముతో పంతులుగారికి సంబంధము లేదు. అయినను లోకమున రెండు మూలల ఒకే యవసరము పుట్టినది: జనులు పరీక్షకొరకు చదువుట చాలదు, కలిసి బ్రదుకుటకొరకును చదువవలెను.

1879 ఆగష్టు 3వ తేదీన పంతులుగారు రాజమహేంద్రవరమున వితంతు వివాహమును గూర్చి మొదటి బహిరంగోపన్యాసము చేసిరి. ఊరు అట్టుడికినట్లు ఉడికెను. పండితులు ఖండనములు వ్రాసిరి. పంతులుగారు స్మృతివాక్యములనే ఆధారముగా తీసికొని బదులు చెప్పిరి. వాదము రెండేండ్లకు పైగా సాగెను. ఈ రెండేండ్లు వ్యర్థమైనవని కొందరందురు. మేమట్లనము. వీథిలో ఒక ప్రశ్నను గూర్చి రెండు పక్షములుగా విడిపోయి, కొట్టుకొనక, గ్రంథములు తెరచి వాదించుకొనుట ఊరికి క్రొత్త విద్య. ఆ వాదమును వినిన యువకులలో కొందరు తమ మనస్సులను కుదుర్చుకొనిరి. కుదుర్చుకొనిన మనస్సే గదా పరీక్షా దినమున నిలుచునది.

పరీక్షా దినము

1881 డిసెంబరు 11వ తేదీన పంతులుగారి యింట గోగులపాటి శ్రీరాములుగారికిని గౌరమ్మగారికిని వివాహము జరిగెను. గౌరమ్మగారు అప్పటికి ఇంచుమించు పండ్రెండేండ్ల బాలిక, అప్పటికే వితంతువు. నాలుగు దినములకు, 15వ తేదీన, రెండవ వివాహము గూడ జరిగెను.

ఈ పెండ్లి యెట్లు జరిగెనో మన విద్యార్థులు నిదానించి చదువవలెను. ఊరిలో పెద్దలు కట్టుబాటు చేసిరి. వంటవారు రాలేదు. నీళ్లు తెచ్చువారు మానివేసిరి. పురోహితులు వెనుకాడిరి. రానుపోను చుట్టములు తలుపులు మూసికొనిరి. వచ్చినవారికి భోజనము పెట్టుట యెట్లు? అప్పుడు రాజ్యలక్ష్మమ్మగారు తామే బిందె తీసికొని గోదావరికి పోయి నీళ్లు మోసికొని వచ్చిరి. తామే వంట చేసిరి. పాఠశాల విద్యార్థులు ఆ దినమున పంతులుగారి యింటిని విడువలేదు. కొందరు కాపలా కాసిరి, కొందరు పెండ్లిపనులలో చేయి కలిపిరి. వీథిలో అల్లరి జరుగకుండ పోలీసు బందోబస్తు గూడ ఉండెను. వేయి యుపన్యాసముల బరువు ఆ దినమున ఒక నీళ్లబిందెమీద నిలిచెను. ఆ బిందె గోదావరి మెట్లమీదనే నిలిచిపోయినచో పంతులుగారి వాదము పుస్తకములలోనే నిలిచిపోయెడిది.

రాజ్యలక్ష్మమ్మగారు బడికి పోయి డిగ్రీలు తెచ్చుకొనిన విదుషి కారు. భర్తగారివలన చదువుకొని, వారి పనిని తమ పనిగా చేసికొనిరి. శాస్త్రవాదములలో ఆమె పేరు వినబడదు. అయినను ఈ వివాహముల చరిత్రమునుండి ఆమెను తీసివేసినచో ఏమియు మిగులదు. వితంతువులైన బాలికలు ఇల్లు విడిచి పంతులుగారి గడప యెక్కినప్పుడు వారికి తల్లి యాయినది ఆమెయే. వారికి అన్నము పెట్టినదియు, తల దువ్వినదియు, పెండ్లికూతురిని చేసినదియు ఆమెయే.

పెండ్లి జరిగిన పిమ్మట కష్టము తొలగలేదు, పెరిగినది. పీఠాధిపతుల పేర బహిష్కార పత్రికలు వచ్చినవి. పెండ్లికి వచ్చినవారిని, వారితో భుజించినవారిని కులమునుండి వెలి వేసిరి. నిన్నటివరకు ప్రక్కన నిలిచిన మిత్రులలో కొందరు ప్రాయశ్చిత్తము చేసికొని విడిపోయిరి. వారిని నిందించుట మనకు సులభము. ఇంట శుభకార్యమునకు చుట్టము రాక, చావునకు మోయువారు లేక యుండు స్థితి యెట్లుండునో యూహించుకొనినచో నిందకు ముందు కొంచెము ఆలోచింతుము. కొందరు విడిపోయిరి గాని కొందరు నిలిచిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు వేలకొలది రూపాయల ద్రవ్యసహాయము చేసిరి. వితంతు వివాహము చేసికొనిన దంపతులకు ఊరిలో ఇల్లు దొరకదు, పని దొరకదు. వారిని నిలువబెట్టుటకు ధనము కావలెను. పెండ్లి చేయుట ఒకనాటి పని. కాపురము నిలుపుట ఏండ్ల పని. పంతులుగారు తమ జీవితకాలమున ఇంచుమించు 40 వివాహములు చేయించిరి. సంఖ్య చిన్నదని తోచవచ్చును. ఒక్కొక్కటియు ఒక యాడుబిడ్డ బ్రదుకు.

పురమందిరమును హితకారిణియు

1890లో పంతులుగారు రాజమహేంద్రవరమున పురమందిరమును కట్టించిరి. ఊరి జనులు కూడి మాటలాడుకొనుటకు ఒక చోటు కావలెనని వారి తలంపు. దేవాలయ మండపమున ఒక కులమువారు కూడుదురు, కచేరీ వసారాలో ఉద్యోగస్థులు కూడుదురు. ఎవరైనను లోపలికి వచ్చి బల్లమీద కూర్చుండి మాట వినగల చోటు లేకుండెను. ఆ మందిరము నేటికిని ఊరి నడుమ కలదు, వారి పేరుతోనే పిలువబడుచున్నది. సభ చేయుట గూడ ఒక విద్య. సమయమునకు వచ్చుట, అధ్యక్షుని మాట వినుట, ఎదుటివాడు ముగించువరకు ఊరకుండుట, తీర్మానము వ్రాసికొనుట, జమాఖర్చు చూపుట, ఇవి నేర్వని సంఘము ఎంత మంచి యుద్దేశముతో పుట్టినను మూడు నెలలకు చీలిపోవును.

ప్రభుత్వమువారు 1893లో వారికి రావుబహద్దరు బిరుదమిచ్చిరి. 1898లో చెన్నపట్టణమున జరిగిన దేశీయ సంఘసంస్కరణ సభకు వారు అధ్యక్షులైరి. మహాదేవ గోవింద రానడేగారు వారిని దక్షిణదేశపు విద్యాసాగరునిగా కొనియాడిరి. 1899లో చెన్నపట్టణపు రాజధాని కళాశాలకు తెలుగు పండితులుగా పోయి, ఆ పని విరమించిన పిమ్మట రాజమహేంద్రవరమునకు తిరిగి వచ్చిరి.

వయస్సు పైబడిన కొలది వారికొక విచారము కలిగెను. తాము పోయిన పిమ్మట ఈ పనులు ఎవరు చేయుదురు? 1906లో హితకారిణీ సమాజమను ధర్మసంస్థను స్థాపించి తమ యావదాస్తిని దానికి వ్రాసి యిచ్చిరి. ఇల్లు, తోట, పుస్తకములవలన వచ్చు రాబడి అన్నియు అందు చేరినవి. దంపతులకు సంతానము లేదు. సమాజమే వారికి వారసురాలాయెను. మంచివాని మంచితనము వానితోనే పోవును. మంచి సంస్థ యైనచో వాని పిమ్మటను పని చేయును. నేడు రాజమహేంద్రవరమున పంతులుగారి పేరను, రాజ్యలక్ష్మమ్మగారి పేరను గల విద్యాలయములు ఆ వ్రాతకు సాక్ష్యములు. రాజ్యలక్ష్మమ్మగారు 1910లో పరమపదించిరి. నీళ్లబిందె మోసిన యా చేతులు పోయిన పిమ్మట పంతులుగారి యిల్లు చిన్నవోయెను.

లోపములు

మహాపురుషుల చరిత్రము వ్రాయువారు గుణములనే యెంచి లోపములను దాచుట సాధారణము. మేమట్లు చేయము. పంతులుగారి కలము కటువైనది. ఎదిరించినవారిని మన్నించుట వారికి తేలికగా రాదు. ఆంగ్లప్రభుత్వముమీద వారికి గల విశ్వాసము తుదివరకు చెదరలేదు. 1907లో బిపిన చంద్రపాలుగారు రాజమహేంద్రవరమునకు వచ్చి వందేమాతర భావమును బోధింపగా విద్యార్థిలోకము ఉప్పొంగెను. ఆ యుత్సాహమున గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు అచ్చటి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలనుండి తొలగింపబడిరి. ఆ యుద్యమముతో పంతులుగారు కలిసి రాలేదు. ఒకప్పుడు వారి యింటికి కాపలా కాసిన విద్యార్థుల తరువాతి తరము వారినుండి దూరముగ జరిగెను.

అయినను ఒక సంగతి గమనింపవలెను. ఆ తరువాతివారు చేపట్టిన సాధనములేవి? పత్రిక, సభ, సమాజము, పాఠశాల. హరిసర్వోత్తమరావుగారు పత్రికలు నడపిరి, జైలునకు పోయిరి, పిమ్మట ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమమునకును వయోజన విద్యకును నాయకులైరి. చూపులేకున్నను సాహిత్య సేవ మానని చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు రాజమహేంద్రవరముననే అంటరానివారని బడికి రానీయబడని పిల్లలకొరకు రామమోహన పాఠశాలను నడపిరి. గురువుగారి యభిప్రాయములతో భేదించినవారును గురువుగారు చూపిన పనిముట్లనే వాడుకొనిరి. మంచి గురువు బోధించినది శిష్యుడు వల్లించుటకొరకు కాదు గదా.

తుది పాఠము

పంతులుగారికి 70 ఏండ్లు నిండవచ్చినవి. భాషను గూర్చి దేశమున పెద్ద వివాదము సాగుచుండెను. గ్రంథములు పాతభాషలోనే వ్రాయవలెనని ఒక పక్షము, వాడుకభాషలో వ్రాయవచ్చునని గిడుగు రామమూర్తి పంతులుగారి పక్షము. జీవితమంతయు గ్రాంథికమున వ్రాసిన వీరేశలింగము పంతులుగారు 1919 ఆరంభమున వర్తమాన వ్యావహారికాంధ్ర భాషాప్రవర్తక సమాజమునకు అధ్యక్షత వహించిరి. యౌవనమున నైషధమును విడిచి సులభ వచనమునకు దిగిన వారే, వార్ధకమున ఇంకొక మెట్టు దిగి జనుల దరికి వచ్చిరి. నేర్చుకొనుట అప్పటికిని ముగియలేదు.

అదే సంవత్సరము మే 27వ తేదీన చెన్నపట్టణమున వారు స్వర్గస్థులైరి.

మన పాఠశాలలో పౌరశాస్త్ర పాఠములు చదువుచున్నాము. హక్కులు, విధులు, శాసనసభలు, పంచాయతులు అని పరీక్షలో వ్రాయుచున్నాము. 2006లో వచ్చిన చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండని బాలికకు, 21 ఏండ్లు నిండని బాలునికి పెండ్లి చేయరాదు. ఈ ముక్క మనలో అందరికిని కంఠస్థము. అయినను తరగతిలో మన ప్రక్క కూర్చుండిన బాలిక సెలవుల పిమ్మట తిరిగి రాకున్నచో, ఎందుకు రాలేదని మనలో ఎందరు అడుగుచున్నారు? అడిగిన యుపాధ్యాయుని, అడిగిన సహపాఠిని, ఊరివారు మెచ్చుకొనుటకు ముందు కోపగింతురు. 1856 నాటి చట్టమునకును 1881 నాటి పెండ్లికిని నడుమ నున్న దూరము వంటిది నేటికిని కొన్ని యిండ్లకడ మిగిలియున్నది.

విద్యార్థులారా, మీరందరును సంస్కర్తలు కావలెనని మేము కోరము. పత్రికలు నడపుట, మందిరములు కట్టుట అందరికిని సాధ్యము కాదు. ఆ డిసెంబరు దినమున పంతులుగారి యింటిముందు నిలిచిన విద్యార్థుల పేర్లలో ఎక్కువ భాగము నేడు ఎవరికిని గుర్తు లేవు. వారు ఉపన్యాసము లియ్యలేదు, నిలిచిరి, అంతే చాలినది. తల్లిదండ్రులారా, మీ పిల్లలు నలుగురితో కూడి ఊరి పని యేదైనను చేయుదుమని వచ్చినప్పుడు చదువు చెడునని భయపడకుడు. చదువులో అదియు ఒక భాగమే. ఉపాధ్యాయులమగు మేమును ఒక సంగతి మరువరాదు. పంతులుగారి విద్యార్థులు ఆ దినమున వచ్చినది పాఠము విని మాత్రమే కాదు. తమ గురువుగారి యింట వంటవారు లేరనియు, గురుపత్ని నీళ్లు మోయుచున్నదనియు చూచి వచ్చిరి.